మెలటోనిన్ మందే, మందులాగే ఇవ్వండి

ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ఇద్దరు కలిస్తే మాటలు థెరపీలతో మొదలై, స్కూలు మీదుగా వెళ్లి, చివరికి నిద్ర దగ్గర ఆగుతాయి. "మీవాడు ఎన్నింటికి పడుకుంటాడండీ?" అని ఒకరు అడుగుతారు, రెండోవాళ్లు నవ్వేస్తారు. ఆ నవ్వుకి అర్థం మాకు తెలుసు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నిద్రకి మెలటోనిన్ ఏమైనా ఇస్తున్నారా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. గొంతు ఎందుకు తగ్గించాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూర్ఛ మందు గురించి, థైరాయిడ్ మాత్ర గురించి మామూలుగా మాట్లాడుకునేవాళ్లం, దీని దగ్గరికొచ్చేసరికి ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు గుసగుసలాడతాం.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. వాళ్లకి గొంతు తగ్గించే పనే లేదు. "అబ్బే, అది మందు కాదండీ, ఒంట్లో తయారయ్యేదే, నేచురల్, ఏమీ కాదు" అని గమ్మీల (నమిలే తీపి బిళ్లల) డబ్బా పేరు చెప్పి, మీ పిల్లాడి వయసు కూడా అడక్కుండా ఎన్ని ఇవ్వాలో వాళ్లే చెప్పేస్తారు.

నా గొడవ ఈ ఇద్దరితోనూ. మావాడికి మెలటోనిన్ ఇస్తున్నాం, డాక్టర్‌గారు రాసిచ్చారు, పనిచేస్తోంది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అలాగని దాన్ని చిరుతిండిలా పంచిపెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఇది మందు. దేనికి పనిచేస్తుందో, దేనికి పనిచేయదో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపి చూడాలో లెక్క ఉన్న మందు. ఆ లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్లే కొంతమంది అవసరమున్నా భయపడి ఇవ్వట్లేదు, కొంతమంది అవసరం లేకపోయినా ఇచ్చేస్తున్నారు.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఆటిజం ఉన్న పిల్లల్లో 50 నుంచి 80 శాతం మందికి ఏదో ఒక నిద్ర సమస్య ఉంటుందని చాలా అధ్యయనాలు కాస్త అటూ ఇటూగా చెబుతున్నాయి. అంటే ఇది ఏ ఒక్క ఇంటి పెంపకం లోపమో కాదు. అయినా చుట్టాల దగ్గర్నుంచి వచ్చే మాట మాత్రం ఒకటే. "పగలు బాగా ఆడించమ్మా, అలిసిపోయి వాడే పడుకుంటాడు." ఆడించాం. వాడు అలిసిపోతాడు కూడా. కళ్లు ఎర్రబడతాయి, నడక తూలుతుంది, ముట్టుకుంటే ఏడుస్తాడు. కానీ లైటు తీసేశాక గోడవైపు తిరిగి, చూపుడువేలి గోటితో ఒకే చోట టక్ టక్ టక్ అని కొడుతూనే ఉంటాడు. ఆ చోట సున్నం రాలి చిన్న గుంట పడింది. అల్లరి చేయడు, పిలవడు, ఏమీ అడగడు. ఒళ్లు పూర్తిగా అలిసిపోయి ఉంటుంది, మెదడుకి మాత్రం రాత్రయిందన్న కబురే అందలేదు. అలాంటి పిల్లాడిని కసిరితే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ కబురు మోసేదే మెలటోనిన్. చీకటి పడ్డాక మెదడు మధ్యలో ఉండే పీనియల్ గ్రంథి దీన్ని వదులుతుంది. కంటిలోకి వెళ్లే వెలుగుని బట్టి మెదడులోని శరీర గడియారం ఆ గ్రంథికి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెబుతుంది. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే డాక్టర్ దీన్ని మొదటిసారి వేరుచేశాడు. ఆయన నిద్ర డాక్టర్ కాదు, చర్మవ్యాధుల డాక్టర్. బొల్లికి మందు దొరుకుతుందేమోనని పశువుల పీనియల్ గ్రంథులతో పరిశోధన చేస్తుంటే ఇది బయటపడింది. (బొల్లికి పనికిరాలేదు. ఎవరి కోసమో వెతికిన మందు ఇంకెవరికో అక్కరకు రావడం వైద్యంలో కొత్తేం కాదు.)

మన ఒంట్లో, తిండి నుంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి సెరటోనిన్ అనే మెదడు రసాయనం, సెరటోనిన్ నుంచి మెలటోనిన్ తయారవుతాయి. ఆటిజం ఉన్నవాళ్లలో మెలటోనిన్ స్థాయి, లేదా అది విరిగాక మూత్రంలో వచ్చే పదార్థం స్థాయి, మిగతావాళ్లకంటే తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. కొంతమందిలో దీని తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము జన్యువులోనే తేడాలు ఉన్నట్టు 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. అందరిలోనూ ఇదే కారణమని కాదు. చొక్కా కుట్టు గుచ్చుకున్నా, పక్కగదిలో ఫ్యాను శబ్దం మారినా నిద్ర పట్టని పిల్లలున్నారు. రేపేం జరుగుతుందోనన్న ఆందోళనతో పట్టనివాళ్లున్నారు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, కుదురుగా ఉండలేని సమస్యకి) వాడే మందు సాయంత్రం దాకా పనిచేస్తూ ఉండిపోవడం వల్ల పట్టనివాళ్లూ ఉన్నారు. మలబద్ధకం, కడుపులోంచి పుల్లటి నీళ్లు పైకి తన్నడం, గురక, రాత్రి వచ్చే ఫిట్స్ కూడా కారణాలే. మాటలు రాని పిల్లాడు కడుపునొప్పి అని చెప్పలేడు కదా, లేచి కూర్చుంటాడంతే.

అందుకే మా డాక్టర్‌గారు మెలటోనిన్ అన్న మాట ఎత్తకముందే అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "నిద్ర పట్టకపోవడం సమస్యా అమ్మా, పట్టాక మధ్యలో లేవడం సమస్యా?" రెండూ ఒకటే అనుకుంటాం, నిద్రలేని అమ్మానాన్నలకి రెండూ ఒకటే కూడా. మందుకి మాత్రం ఒకటి కాదు. మామూలు మెలటోనిన్ ఒంట్లో సగానికి తగ్గిపోవడానికి గంట కూడా పట్టదు. రాత్రి తొమ్మిదికి ఇచ్చింది రెండింటికి ఏం చేస్తుంది? ఏమీ చేయదు. పైగా ఇది మనిషిని పడగొట్టే నిద్రమాత్ర కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పే మందు. మాత్ర వేసి టీవీ పెట్టుకుని పెద్ద లైటు కింద కూర్చోబెడితే, ఆ చెప్పిన మాట ఒళ్లు వినదు.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. బ్రిటన్‌లో ఆటిజం లాంటి నాడీ అభివృద్ధి లోపాలున్న 146 మంది పిల్లల మీద చేసి 2012లో వెలువరించిన ట్రయల్ ఒకటుంది. సగం మందికి మెలటోనిన్, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు, 12 వారాలు. మెలటోనిన్ తీసుకున్న పిల్లలకి, తల్లిదండ్రులు రాసిన డైరీల ప్రకారం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే సుమారు 37 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. మొత్తం నిద్ర మాత్రం 22 నిమిషాలే పెరిగింది, ఎందుకంటే పొద్దున కూడా ముందే లేచారు. ఇది చదివి "ఓస్, ఇంతేనా" అనేవాళ్లు ఆ 37 నిమిషాలు చీకట్లో పిల్లాడి పక్కన పడుకుని చూడనివాళ్లు. నాకైతే అది పెద్ద అంకె. కానీ రాత్రంతా నిద్రపోతాడని ఆశపెట్టుకుని మొదలుపెట్టినవాళ్లకి ఇదే మందు మోసంలా అనిపిస్తుంది. "మావాడికి పనిచేయలేదండీ" అన్నవాళ్లని కాస్త తరచి అడగండి, వాళ్ల సమస్య తెల్లవారుజామున లేవడం అయ్యుంటుంది చాలాసార్లు.

మధ్యలో లేచే పిల్లల కోసమే నెమ్మదిగా విడుదలయ్యే రకం వచ్చింది. 2017లో వెలువడిన ట్రయల్‌లో, అలవాట్లు మార్చి చూసినా ఫలితం లేని 125 మంది పిల్లలకి 13 వారాలు ఇచ్చి చూశారు. ఎక్కువమంది ఆటిజం ఉన్నవాళ్లే. మందు తీసుకున్న గుంపులో నిద్ర సగటున 57 నిమిషాలు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర గుంపులో 9 నిమిషాలు. దాంతో 2018లో యూరప్‌లో దీనికి ఆటిజం ఉన్న పిల్లల కోసం అనుమతి వచ్చింది. మాత్ర మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, ఎందుకంటే మన పిల్లలు మామూలు మాత్ర మింగరని తయారుచేసినవాళ్లకి తెలుసు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని పొడి చేయకూడదు. రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, తినే వాటిలో కలిపేయడం మనందరికీ అలవాటైన పని, మాత్ర ఏదైనా చేతులు వాటంతటవే చెంచాల కోసం వెళ్తాయి. నలిపారంటే రాత్రంతా కొంచెం కొంచెంగా రావలసింది ఒకేసారి వచ్చేస్తుంది, నమిలినా అంతే. మెత్తటి తిండిలో మాత్రని మాత్రగానే పెట్టి మింగించాలి. ఈ ముక్క డబ్బా లోపలి కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఇక నేచురల్ అనేవాళ్ల దగ్గరికి వద్దాం. ఒంట్లో తయారయ్యేది కాబట్టి ఏమీ కాదనే వాదన నాకు వింతగా ఉంటుంది. ఇన్సులిన్ కూడా ఒంట్లో తయారయ్యేదే, ఎవరైనా అంచనా మీద ఇచ్చేస్తారా? కానీ అసలు సమస్య ఆ వాదన కాదు, డబ్బాలో ఏముందన్నది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం మెలటోనిన్ ఆహార సప్లిమెంటు కింద వస్తుంది, అంటే మందుకి చేసినట్టు ముందుగా పరీక్షించి అనుమతివ్వడం ఉండదు. అదే బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో పిల్లలకి డాక్టర్ రాసిస్తేనే. కెనడాలో దుకాణాల నుంచి తెచ్చిన 31 రకాల మెలటోనిన్‌ని పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు. లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా ఉంది లోపల. వాటిలో 8 రకాల్లో సెరటోనిన్ కూడా ఉంది, ఎవరూ అడగకుండానే. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 లేబుళ్లు తప్పు. ఒకదాంట్లోనైతే మెలటోనినే లేదు.

ఇప్పుడు చెప్పండి, "మేం ఒక్క గమ్మీయే ఇస్తాం" అన్న మాటకి అర్థమేంటి? అది ఎన్ని మిల్లీగ్రాములు? నిన్న ఇచ్చినంతేనా ఇవాళా? పిల్లాడు పొద్దున మత్తుగా ఉంటే అది డోసు ఎక్కువై ఉందా, నిద్ర చాలక ఉందా, ఎలా తెలుస్తుంది? మాటలొచ్చిన పిల్లలైతే తల తిరుగుతోందని చెబుతారు. మావాడిలాంటి పిల్లలు చెప్పరు, చిరాకు పడతారు, చేయి కొరుక్కుంటారు, మనం దాన్ని కూడా ఆటిజం ఖాతాలో వేసేస్తాం. నిఖార్సయిన లేబుల్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న పిల్లలకే అందరికంటే ఎక్కువగా ఈ గమ్మీలు వెళ్తున్నాయి, నాకు కోపం అక్కడే.

తీపిగా, బొమ్మల డబ్బాలో ఉండేది పిల్లలు వాళ్లంతట వాళ్లే తినేస్తారు కూడా. అమెరికా పాయిజన్ కంట్రోల్ సెంటర్లకి పిల్లలు మెలటోనిన్ మింగారని వచ్చిన కేసులు 2012లో 8,337 ఉంటే 2021కి 52,563 అయ్యాయి. ఎక్కువమందికి ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ పదేళ్లలో 4 వేల మందికి పైగా పిల్లలు ఆస్పత్రిలో చేరారు, ఇద్దరు చనిపోయారు. మందు అనుకుంటే తాళం వేసి పెడతాం, గమ్మీ అనుకుంటే డైనింగ్ టేబుల్ మీద పెడతాం. తేడా అక్కడే వస్తుంది.

మరి మందులాగా ఇవ్వడం అంటే ఏంటి? అమెరికాలో నరాల డాక్టర్ల సంఘం అయిన అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఆటిజం ఉన్న పిల్లల నిద్ర మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు వేరే కారణాలేమైనా ఉన్నాయేమో చూడాలి. తర్వాత నిద్ర అలవాట్ల మీద పనిచేయాలి. అది చాలకపోతే మెలటోనిన్, అదీ మందుల ప్రమాణాలతో తయారైనది దొరికితే అదే. 1 నుంచి 3 మిల్లీగ్రాములతో, పడుకునే సమయానికి అరగంట నుంచి గంట ముందు మొదలుపెట్టాలి. అవసరమైతే మెల్లగా పెంచాలి, రోజుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. బరువు దుప్పట్లకి మాత్రం నిద్ర విషయంలో ఆధారం కనిపించలేదన్నారు, అయితే వాటిని ట్రయల్‌లో వాడిన పిల్లలకీ తల్లిదండ్రులకీ అవి నచ్చాయి. నచ్చితే కప్పండి, నష్టమేం లేదు, నిద్ర కోసమే అయితే మాత్రం డబ్బులు దాచుకోండి.

వేరే కారణాలు అన్నచోట ఫెరిటిన్ టెస్టు (ఐరన్ నిల్వ చెప్పే రక్త పరీక్ష) గురించి అడగండి. ఒంట్లో ఐరన్ నిల్వ తక్కువైతే కాళ్లు ఊరికే ఉండవు, పిల్లలు పక్కంతా తన్నుకుంటూ దొర్లుతారు. నాలుగు రకాలకి మించి తినని పిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం వింతేం కాదు. ఆ పిల్లాడికి కావలసింది ఐరన్, మెలటోనిన్ కాదు.

అలవాట్ల దగ్గర నాకు డాక్టర్లతోనే చిన్న పేచీ ఉంది. ముందు అలవాట్లు, తర్వాత మందు అన్న వరస కాగితం మీద బాగానే ఉంటుంది. ఆచరణలో అది కొన్నిచోట్ల తల్లిదండ్రులకి పెట్టే పరీక్షగా మారిపోతుంది. ఆరు నెలలు చార్టు నింపి తెండి, అప్పుడు చూద్దాం అంటారు. నెలల తరబడి నిద్రలేని తల్లి, రాత్రి రెండింటికి పిల్లాడు లేచి నవ్వుతూ గంతులేస్తుంటే, ప్రశాంతంగా, మాట్లాడకుండా, కళ్లు కలపకుండా మళ్లీ పడుకోబెట్టాలట. చెప్పినంత తేలికా? 2012లోనే ఇటలీలో 160 మంది ఆటిజం ఉన్న పిల్లల్ని నాలుగు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకి మెలటోనిన్, ఒక గుంపుకి ప్రవర్తన చికిత్స, ఒక గుంపుకి రెండూ, ఒక గుంపుకి ఉత్తుత్తి మాత్ర. అన్నిటికంటే బాగా కోలుకున్నది రెండూ అందిన గుంపు. కాబట్టి పిల్లాడి పరిస్థితి, ఇంటివాళ్ల పరిస్థితి చూసి రెండూ కలిపి మొదలుపెట్టడం అర్థం లేని పనేమీ కాదు. మందు వల్ల రాత్రి కాస్త దారికొస్తే, అలవాట్ల మీద పనిచేసే ఓపిక అప్పుడు వస్తుంది ఎవరికైనా.

అలవాట్లలో మాకు అన్నిటికంటే పనికొచ్చింది, వినగానే తలకిందులుగా అనిపించిన పద్ధతి. ఎనిమిదింటికి పడుకోబెట్టి పదకొండున్నర దాకా యుద్ధం చేయడం మానేసి, వాడికి నిజంగా నిద్ర పట్టే పదకొండున్నరకే పక్క ఎక్కించడం. పక్క అంటే నిద్రపోయే చోటని వాడికి కుదిరాక, పావుగంట పావుగంట చొప్పున ఇంకా తొందరగా పడుకోబెట్టడం. పొద్దున లేపే టైము మాత్రం మారకూడదు, ఆదివారమైనా సరే. పళ్లు తోముకోవడం, నైటు బట్టలు, పుస్తకం, లైటు, ఇలా వరసగా బొమ్మల కార్డులు గోడకి అంటించాం. ఒక్కోటి అవ్వగానే వాడే పీకి డబ్బాలో వేస్తాడు. లైటు కార్డు పీకేటప్పుడు వాడి మొహం చాలా సీరియస్‌గా ఉంటుంది, ఆఫీసు పని ముగిస్తున్నట్టు.

లైటు విషయం తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలోని కొలరాడోలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి పడుకోబోయే ముందు గంటసేపు బాగా ప్రకాశవంతమైన వెలుగు చూపిస్తే ఒంట్లోని మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయిందని 2018లో తేలింది. లైటు తీసేశాక 50 నిమిషాలైనా అది కోలుకోలేదు. చిన్న అధ్యయనమే, పదిమంది పిల్లలే, ఆటిజం ఉన్నవాళ్లూ కాదు. అయినా ఒక పక్క మాత్ర వేసి ఇంకో పక్క ట్యాబ్ చేతికివ్వడం ఎంత దండగ పనో అర్థం కావడానికి అది చాలు.

డోసు పెంచితే పని పెరుగుతుందన్న భ్రమ కూడా ఒకటుంది. కొంతమంది పిల్లల ఒళ్లు మెలటోనిన్‌ని చాలా నెమ్మదిగా విరగ్గొడుతుంది. వాళ్లకి మొదటి వారాల్లో అద్భుతంగా పనిచేసి, తర్వాత ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. పగలంతా ఒంట్లో మిగిలిపోతే రాత్రికీ పగలుకీ తేడా ఎలా తెలుస్తుంది మరి. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? ఇంకొంచెం పెంచుతారు. కొన్నాళ్లు ఆపి, తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టడం అక్కడ పనిచేసిందని డచ్ డాక్టర్లు రాశారు. ఈ నిర్ణయం ఇంట్లో తీసుకునేది కాదు, డాక్టర్‌ది.

ఎక్కువకాలం వాడితే ఏమవుతుందని మా ఆయన కూడా అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. నెమ్మదిగా విడుదలయ్యే రకం తీసుకున్న పిల్లల్ని రెండేళ్లు గమనిస్తే ఎత్తు, బరువు, యుక్తవయసు మార్పుల్లో చెడు ప్రభావం కనిపించలేదు. పొద్దున మగత, తలనొప్పి, కొందరిలో చిరాకు, పీడకలలు ఉంటాయి. అంతకుమించి ఏళ్లూ పూళ్లూ వాడినవాళ్ల సమాచారం తక్కువని మార్గదర్శకాలే తల్లిదండ్రులకి చెప్పమంటున్నాయి. అందుకే ఎప్పటికప్పుడు ఆపి చూడటం అనేది ఉంది. మావాడికి డాక్టర్‌గారు చెప్పినట్టు సెలవుల్లో ఆపి చూస్తాం, అవసరం లేదనిపిస్తే అక్కడితో ఆపేస్తాం, ఉందనిపిస్తే మళ్లీ ఇస్తాం. జలుబు సిరప్ వేసి పడుకోబెట్టే ఇళ్లు నాకు తెలుసు. మెలటోనిన్ అంటే భయపడేవాళ్లు దానికి భయపడరు, ఆ సిరప్‌తో కొంతమంది పిల్లలు మత్తుకి బదులు రెచ్చిపోతారని తెలిసినా సరే.

చివరగా ఒక చిన్న పని. పళ్ల డాక్టర్ దగ్గరో, ఆపరేషన్ ముందో, కొత్త స్కూల్లో చేర్చేటప్పుడో ఇచ్చే ఫారంలో "ప్రస్తుతం వాడుతున్న మందులు" అని ఒక గడి ఉంటుంది. మెలటోనిన్ ఇచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అక్కడ "ఏమీ లేవు" అని రాసేస్తారు. ఆందోళనకో, ఓసీడీకో (అవే ఆలోచనలు, అవే పనులు వదలకుండా వెంటాడే జబ్బుకో) వాడే ఫ్లువోక్సమైన్ లాంటి మందు ఒంట్లో మెలటోనిన్‌ని చాలా రెట్లు పెంచేస్తుంది. మత్తిచ్చే డాక్టర్‌కి, ఫిట్స్ చూసే డాక్టర్‌కి కూడా ఇది తెలియాలి. ఏ రకం, ఎన్ని మిల్లీగ్రాములు, రాత్రి ఎన్నింటికి ఇస్తున్నారు, ఈ మూడూ ఆ గడిలో రాయండి. చోటు చాలకపోతే పక్కన మార్జిన్‌లో రాయండి, నేను అలాగే రాస్తాను.